ప్రభుత్వ సహాయముపై ఆధారపడు కుటుంబములను లెక్కించుట ఎట్లు?

(పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామములో నిరుడు నూరు కుటుంబములు ప్రభుత్వ సహాయము నందుకొనినవి. ఈ ఏడు ఎనుబది కుటుంబములే అందుకొనుచున్నవనుకొందము. ఈ వార్త విని మనము సంతోషింపవలయునా, విచారింపవలయునా? ఆ ఇరువది కుటుంబములు తమ కాళ్ళపై తాము నిలువగలిగినచో సంతోషింపవలసినదే. అర్హత ఉండియు వారి పేర్లు పట్టికనుండి జారిపోయినచో విచారింపవలసినదే. రెండు సందర్భములలోను కాగితముపై కనిపించు సంఖ్య ఒక్కటే. సంఖ్య వెనుకనున్న కారణము ఊరిలో నివసించువారికి మాత్రమే తెలియును. కనుకనే ఈ విషయమును మీ ముందుంచుచున్నాము.

ప్రభుత్వములు కుటుంబముల విషయమున మూడు విధములైన లెక్కలు వేయుచుండును. ఎవరికి సహాయము అవసరము అనునది మొదటి లెక్క. ఎవరికి సహాయము అందుచున్నది అనునది రెండవది. అందుకొనువారి జీవనములో ఆ సహాయము ఎంత భాగము అనునది మూడవది. ఈ మూడు లెక్కలు వేరువేరు. ఒకదానిని మరియొకటిగా భావించినప్పుడే అనర్థములు కలుగును.

మొదటి లెక్కను తీసికొందము. మన దేశమున 1962లో ప్రణాళికా నిపుణుల బృందమొకటి, 1960-61 నాటి ధరల ప్రకారము గ్రామములలో మనిషికి నెలకు 20 రూపాయలు కనీస వ్యయముగా ఉండవలయునని సూచించెను. 1979లో మరియొక నిపుణుల సంఘము గ్రామీణునకు దినమునకు 2,400 క్యాలరీల శక్తినిచ్చు ఆహారము కావలయునని నిర్ణయించి, దానినిబట్టి దారిద్ర్య రేఖను గీసెను. ఈ రేఖలు దేశములో పేదలు ఎందరో చెప్పగలవు గాని, మీ ఊరిలో ఏ ఇంటివారు పేదలో చెప్పలేవు.

ఆ పనికై ఇంటింటి సర్వేలు అవసరమైనవి. 1992 నాటి సర్వేలో ఏటికి 11,000 రూపాయల కుటుంబ ఆదాయమును హద్దుగా పెట్టిరి. కాని దినకూలికి పోవువాడు తన ఏడాది ఆదాయమును ఏ పుస్తకము చూచి చెప్పగలడు? కనుక తరువాతి సర్వేలలో పద్ధతి మారినది. 2002లో 13 అంశములు నిర్ణయించి, ఒక్కొక్కదానికి సున్న మొదలు నాలుగు వరకు మార్కులు వేసి, మొత్తము 52 మార్కులకుగాను కుటుంబముల స్థితిని కొలిచిరి. 2011లో ప్రారంభమైన సాంఘిక, ఆర్థిక, కుల గణనలో కంటికి కనపడు గుర్తులనే ఆధారముగా గొనిరి. మోటారు వాహనము, రెఫ్రిజిరేటరు, సర్కారు ఉద్యోగము మున్నగు 14 గుర్తులలో ఏ ఒక్కటి ఉన్నను ఆ కుటుంబమును పక్కన పెట్టిరి. నిలువ నీడ లేనివారిని, భిక్షాటనచే బ్రదుకువారిని, వెట్టినుండి విముక్తులైనవారిని ప్రశ్న లేకుండ చేర్చుకొనిరి. మిగిలినవారికి ఏడు లేములను పరిశీలించిరి. పని చేయగల వయసువారు లేని ఇల్లు, భూమి లేక కూలిపైననే బ్రదుకు ఇల్లు అట్టివానిలో కొన్ని. తెలంగాణములో 2014 ఆగస్టు 19న ఒక్క దినములో సమగ్ర కుటుంబ సర్వే జరుపగా, పట్టణములలోని వారనేకులు ఆనాటికి స్వగ్రామములు చేరుకొనిరి.

ఈ పట్టికలలో ఒక లోపము కలదు. పట్టిక నిలిచిపోవును, కుటుంబము నిలువదు. 2011లో మూడెకరముల భూమి ఉన్న రైతు తరువాత వైద్యమునకై దానిని అమ్ముకొని ఉండవచ్చును. ఆనాడు ఇల్లు గడుపుచుండిన యజమాని నేడు లేకపోవచ్చును. 2018లో ఆరోగ్య బీమా పథకము ఆరంభమైనప్పుడు లబ్ధిదారుల గుర్తింపునకు ఆ 2011 గణననే ఆధారముగా గొనిరి. ఏడేండ్లలో ఊరిలో ఎన్ని ఇండ్లు లేచినవో, ఎన్ని ఇండ్లు కూలినవో మీకు తెలియనిది కాదు.

ఇక రెండవ లెక్క, అందుకొనువారి లెక్క. రేషను కార్డులు, పింఛను పట్టికలు, మస్టరు రోళ్ళు ఈ కోవలోనివి. 2013 నాటి ఆహార భద్రతా చట్టము గ్రామీణ జనాభాలో 75 శాతము వరకు ధాన్యము పొందు హక్కును కల్పించినది. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద పనులు 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైనవి. ప్రతి కుటుంబమునకు ఒక జాబ్ కార్డు ఇచ్చి, ఎన్ని దినములు పని చేసిరో, ఎంత కూలి పొందిరో అందులో వ్రాయు పద్ధతిని ఆ చట్టము తెచ్చినది. ఆ లెక్కలను గ్రామ సభ తనిఖీ చేయవలయునని కూడ అందు విధించిరి. సామాజిక తనిఖీ అను ఆ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపి చూపినది ఆంధ్రప్రదేశమే.

కాని రికార్డు "ఈ నెల బియ్యము తీసికొనలేదు" అని చెప్పునంతే. ఎందుకు తీసికొనలేదో చెప్పదు. ఏండ్ల తరబడి పార పట్టిన చేతి వేలిముద్రను యంత్రము గుర్తింపలేదా? కుటుంబము వలస పోయినదా? మనిషి మంచము పట్టెనా? లేక నిజముగనే అవసరము తీరినదా? యంత్రమునకు ఈ నాలుగును ఒక్కటియే.

మూడవ లెక్క మిగుల సూక్ష్మమైనది. కుటుంబము సహాయముపై ఎంతగా ఆధారపడియున్నది? ఈ ప్రశ్నకు చట్టమునుబట్టి జవాబు వెదకిన దేశము అమెరికా. ఆధారపడుటను కొలిచి ఏటేట తమకు నివేదింపవలయునని ఆ దేశపు శాసనసభ 1994లో చట్టము చేసెను. దాని ననుసరించి వారు గీసికొనిన గీత ఇది: ఒక సంవత్సరములో కుటుంబ ఆదాయమున సగమునకు మించి కొన్ని నిర్ణీత సహాయముల వలననే వచ్చి, ఆ సొమ్ము ఏ పనితోను ముడిపడనిదైనచో, ఆ కుటుంబము ఆధారపడినట్లు.

ఉదాహరణకు, నెలకు 6,000 రూపాయలు వచ్చు ఇంటిలో 3,200 సహాయమైనచో ఆ ఇల్లు ఆధారపడినది. 2,800 అయినచో కాదు. కేవలము 400 రూపాయల తేడా! కూలి కొంత దొరకిన నెలలో ఆ ఇల్లే గీతకు ఈవలకు రాగలదు. ఇక పింఛను తప్ప వేరు గతి లేని వృద్ధురాలు గీతకు ఆవలనే ఉండును. అది ఆమె దోషమా? కాదు. ఆధారపడుట అను మాట కొలతకు ఉపయోగించు మాటయే గాని నిందకు ఉపయోగించు మాట కాదు. సభ్యులు దీనిని మరువరాదు.

మన దేశమునను ఇట్టి కొలత కొంత జరుగుచున్నది. 2023-24 సంవత్సరపు గృహ వినియోగ వ్యయ సర్వేలో గ్రామీణుని సగటు నెలసరి వ్యయము 4,122 రూపాయలుగా తేలినది. ప్రభుత్వ పథకముల క్రింద ఉచితముగా లభించిన ధాన్యము మొదలగు వస్తువుల విలువను కూడ చేర్చగా అది 4,247 అయినది. తేడా 125 రూపాయలు. అనగా రూపాయిలో సుమారు మూడు పైసలు. కాని ఇది సగటు మాత్రమే. ఉచిత విద్య, వైద్యముల విలువ ఇందులో చేరలేదు. పింఛను నగదు చేతిలోపడి ఖర్చులో కలిసిపోవును గనుక వేరుగా కనపడదు. ఊరిలోని భూస్వామికి ఆ బియ్యము లెక్కలోనిది కాకపోవచ్చును. ఒంటరి వితంతువునకు అదియే నెలంతటి తిండి. సగటు వారిరువురిని ఒకే బల్లపై కూర్చుండబెట్టును.

లెక్కను అపార్థము చేసికొనిన ఏమగునో అమెరికా అనుభవమే చెప్పుచున్నది. 1996లో ఆ దేశము పిల్లలుగల పేద కుటుంబముల నగదు సహాయమునకు కొత్త చట్టము చేసి, కేంద్ర నిధులతో జీవితకాలములో మొత్తము 60 నెలలకు మించి ఇయ్యరాదని సామాన్య నియమము విధించెను. సహాయము పొందువారి సంఖ్య వేగముగా తగ్గినది. అనేకులు దీనిని విజయముగా చాటిరి. పనులలో చేరి బాగుపడిన తల్లులు ఉన్నమాట నిజమే. కాని 1996లో పిల్లలుగల పేద కుటుంబములు నూరింటికి 68 ఆ సహాయము పొందుచుండగా, 2020 నాటికి 21 మాత్రమే పొందినవి. పట్టిక తగ్గినంతగా పేదరికము తగ్గలేదు. మొదటి లెక్కను విడిచి రెండవ లెక్కను మాత్రమే చూచుట వలన కలుగు భ్రమ ఇట్టిది.

మరి పంచాయతీ చేయదగినదేమి? 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామ సభకు రాజ్యాంగములో స్థానము కల్పించినది. షెడ్యూల్డు ప్రాంతములలో లబ్ధిదారులను గుర్తించు బాధ్యతను 1996 నాటి చట్టము గ్రామ సభకే అప్పగించినది. ఈ స్థానమును ఉపయోగించుకొనుటకు నాలుగు పనులను సూచించుచున్నాము.

ఒకటి: పట్టికను గ్రామ సభలో పేరు పేరున బిగ్గరగా చదివింపుడు. గోడకు అంటించిన కాగితము చదువురానివారికి ఉపయోగపడదు.

రెండు: పట్టికనుండి తొలగిన ప్రతి పేరునకు ఎదురుగా కారణము వ్రాసి ఉంచుడు. మరణము, వలస, వేలిముద్ర పడకపోవుట, ఆదాయము పెరుగుట - ఏదైనను ఒక మాట చాలును.

మూడు: పట్టికలో లేకయు అవసరముననున్న ఇండ్లను వేరొక పుస్తకములో వ్రాసికొని, అధికారుల తనిఖీ సమయమున చూపుడు. అనర్హులు చేరినచో ఖజానాకు నష్టము. అర్హులు జారినచో పొయ్యి వెలుగదు. రెండును తప్పులే గాని రెండవది ఆకలితో ముడిపడినది.

నాలుగు: ఒక కుటుంబము సహాయమును వదలినప్పుడు ఆరు నెలల తరువాత ఒక మారు వారి యోగక్షేమములు విచారింపుడు. నిజముగా నిలద్రొక్కుకొనిన ఇల్లు ఊరికి గర్వకారణము. తడబడుచున్న ఇల్లు కనిపించినచో తిరిగి దరఖాస్తు పెట్టించుట మీ విధి.

మహాజనులారా, రాజధానిలోని కార్యాలయమునకు మీ గ్రామము ఒక వరుసలోని కొన్ని అంకెలు మాత్రమే. ఆ అంకెలు సత్యమగుటకు మొదటి సాక్షులు మీరే. ఈ సారి జరుగు గ్రామ సభకు పట్టికను చేతగొని వెళ్ళుడు. నిరుటికి ఈ ఏటికి ఎన్ని పేర్లు తగ్గినవో చూడుడు. తగ్గిన ఒక్కొక్క ఇంటి గడప త్రొక్కి కారణము తెలిసికొనుడు. అప్పుడు నూరు ఎనుబది అయినది మేలుకో, కీడుకో మీరే నిర్ణయింపగలరు.