మన రక్తమూ లెక్కలోకి రావాలి

 

మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే 1947 చివర్లో బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు వైద్యం మొదలుపెట్టాడు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుతున్నారు. దానికి తోడు నెలల తరబడి మెర్కాప్టోప్యూరిన్ మాత్ర వేస్తారు. చిక్కంతా ఈ మాత్రతోనే. ఒకే డోసు ఒక బిడ్డకు పడుతుంది. ఇంకో బిడ్డకు తెల్లకణాలు పడిపోయి, జ్వరంతో మళ్లీ వార్డులో చేర్చాల్సి వస్తుంది. చాలాకాలం వైద్యులు దీన్ని ముందే పసిగట్టడానికి టీపీఎంటీ అనే జన్యువునే పరీక్షించేవారు. ఐరోపావారి విషయంలో అది సరిపోయింది. 2014లో కొరియా పరిశోధకులు ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువును పట్టుకున్నారు. అందులోని తేడా ఐరోపావారిలో అరుదు, మనతో సహా ఆసియావాసుల్లో ఎక్కువ. ముందే తెలిస్తే డోసు తగ్గించి ఇవ్వొచ్చు.

ఇలాంటి తేడా రికార్డుల్లో లేకపోతే యంత్రానికీ తెలియదు. ఏ రోగికి ఏ మందు, ఎంత అని లెక్కకట్టే మెషిన్ లెర్నింగ్ ప్రోగ్రాములు పాత రోగుల రికార్డుల నుంచే నేర్చుకుంటాయి. 11,000 పైచిలుకు రోగుల కణుతులతో అమెరికాలో కూర్చిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌లో ఎక్కువమంది తెల్లవాళ్లే. అలాంటి డేటాతో చదువుకున్న యంత్రం మన జగ్గయ్యపేట బిడ్డకు డోసు చెబితే నేనైతే వెంటనే తలూపను.

మరి మన రికార్డులు ఎక్కడున్నాయి? హైవే మీద హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డ రోగి చేతిలోని బట్టలకొట్టు క్యారీబ్యాగులో. ఒకదానికొకటి అంటుకుపోయిన స్కాన్ ఫిల్ములు, అక్షరాలు వెలిసిపోయిన రక్తపరీక్ష కాగితాలు. మాత్ర ఎప్పుడు ఆపారో, ఎందుకు ఆపారో వాటిలో ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. మనిషి పోయాక ఆ సంచి అటకెక్కుతుంది.

జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. హైదరాబాదులోని పరిశోధనా సంస్థ సీసీఎంబీకీ అందులో భాగముంది. మంచిదే. అయితే మందు ఎవరికి పనిచేసిందో, ఎవరికి వికటించిందో చెప్పాల్సింది ఆసుపత్రి రికార్డే.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో చేరేవాళ్లు తేదీ, డోసు వదలకుండా రాయండి. రోగితో సమ్మతి సంతకం పెట్టించుకునే ముందు అదెందుకో తెలుగులో విడమరిచి చెప్పండి. సాఫ్ట్‌వేర్‌కి వెళ్లేవాళ్లు ఏ ప్రోగ్రామునైనా మన ఆసుపత్రికి అంటగట్టేముందు, అది ఎవరి రక్తం చూసి నేర్చుకుందో అడగండి.