పనిని ఆటగా మలిచేటప్పుడు



సేవా సంస్థలకు డబ్బు తర్వాత ఎక్కువగా కరువయ్యేది మనుషుల సమయం. పుస్తకాలు పంచే రోజున పదిమంది ముందుకొస్తారు. ఆ పుస్తకాల జాబితా రాయడానికి ఇద్దరు కూడా మిగలరు. అందుకే వాలంటీర్లకు పాయింట్లు పెడదాం, దాతలకు ర్యాంకులు ఇద్దాం, పోటీ ఉంటే హుషారు వస్తుంది అనే సూచన ఈమధ్య తరచూ వినిపిస్తోంది. ఈ పద్ధతి ఎక్కడ పని చేసిందో, ఎక్కడ మనుషుల్ని బాధపెట్టిందో ఈరోజు మీ ముందు పెట్టదలచుకున్నాం.

అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లూయిస్ వాన్ ఆన్ 2003లో ఒక ఆట తయారుచేశారు. పరిచయం లేని ఇద్దరికి ఇంటర్నెట్‌లో ఒకే ఫొటో కనిపిస్తుంది. మాట్లాడుకోవడానికి వీల్లేదు. ఎదుటివారు ఏ మాట రాస్తారో ఊహించి రాయాలి. ఇద్దరి మాటా ఒకటైతే పాయింట్లు. కుక్క బొమ్మ చూస్తే ఇద్దరూ ‘కుక్క’ అనే రాస్తారు కదా! అలా కలిసిన మాటే ఆ ఫొటోకు గుర్తు అయ్యేది. ఫొటోలో ఏముందో కంప్యూటర్ సరిగా చెప్పలేని రోజులవి. నాలుగు నెలల్లో 13,630 మంది 12 లక్షలకు పైగా గుర్తులు ఇచ్చారు. కూలి ఒక్క పైసా లేదు. ఇలాంటి గుర్తులుంటే ఫొటోలు వెతకడం తేలిక. చూపులేనివారికి ఫొటోలో ఏముందో కంప్యూటర్ చదివి వినిపించగలదు.

2007 అక్టోబర్‌లో జాన్ బ్రీన్ ‘ఫ్రీ రైస్’ మొదలుపెట్టారు. ఇంగ్లీషు మాటకు సరైన అర్థం గుర్తిస్తే పది బియ్యపు గింజలు ఆకలిగొన్నవారికి జమ అయ్యేవి. ఖర్చు ప్రకటనదారులది, పంపిణీ ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానిది. మొదటి రోజు పోగైనవి 830 గింజలు. చారెడైనా కావు. కానీ జవాబు చెప్పిన ప్రతిసారీ తెరపై గిన్నెలో గింజలు పెరగడం కనిపించేది. చేసిన మేలు కళ్లెదుట కనబడితే మనిషి ఇంకొంచెం సేపు కూర్చుంటాడు.

2008లో వాషింగ్టన్ యూనివర్సిటీవారు ‘ఫోల్డిట్’ తెచ్చారు. ప్రొటీన్ ఎలా మడతపడుతుందో కనుక్కోవడమే ఆట. కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఒక వైరస్‌లోని ఎంజైమ్ ఆకృతి పదేళ్లకు పైగా శాస్త్రవేత్తలకు అంతుచిక్కలేదు. ఆటగాళ్లు మూడు వారాల్లో దానికి దారి చూపారు. 2011లో వెలువడిన పరిశోధన పత్రంలో ఆటగాళ్ల బృందాలనూ రచయితలుగా చేర్చారు. పని చేసినవారికి దక్కాల్సిన గౌరవం అది.

ఈ మూడింటిలోనూ పని చిన్న చిన్న ముక్కలుగా ఉంది. ఫలితం వెంటనే తెలుస్తుంది. ఇష్టం లేకపోతే ఎవరైనా లేచి వెళ్లిపోవచ్చు. ఈ మూడోది లేనిచోట ఏం జరుగుతుందో చూడండి.

కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ హోటళ్ల లాండ్రీలో గోడలకు పెద్ద తెరలు పెట్టారు. వాటిపై కార్మికుల పేర్లు, వారి వేగం. పెట్టిన లెక్క అందుకుంటే పేరు ఆకుపచ్చ, వెనకబడితే పసుపు, ఎరుపు. 2011లో లాస్ ఏంజెలస్ టైమ్స్ ఈ సంగతి రాసింది. కార్మికులు ఆ తెరకు ‘ఎలక్ట్రానిక్ కొరడా’ అని పేరు పెట్టారు. వెనకబడతామనే భయంతో బాత్రూమ్‌కు వెళ్లడం కూడా మానుకున్నవారున్నారు.

అవే మూడు రంగులు మన తెలుగు వికీసోర్స్‌లోనూ ఉన్నాయి. పాత తెలుగు పుస్తకాల స్కాన్ పేజీలను చూస్తూ ఔత్సాహికులు అక్షర దోషాలు దిద్దుతారు. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. ఎర్ర పేజీని చూసి ఎవరూ సిగ్గుపడరు. ఇక్కడ పని మిగిలి ఉందని తెలుసుకుని చెయ్యి వేస్తారు. రంగులు అవే. అక్కడ మనిషి పేరు మీద పడ్డాయి, ఇక్కడ పని మీద పడ్డాయి.

మనం తీసుకోవలసింది ఈ రెండో దారేనని మా అభిప్రాయం. ఎక్కువ గంటలు పని చేసినవారి పట్టిక గోడకు అంటిస్తే, ఇంటెడు చాకిరీ ముగించుకుని వారానికి ఒక గంట ఇచ్చే అమ్మాయి పేరు అట్టడుగున ఉంటుంది. మర్నాటి నుంచి ఆమె రాదు. దాతలకు ర్యాంకులు పెడితే చిన్న మొత్తం ఇచ్చేవారు మొహమాటపడతారు. పేరు బయటికి రాకూడదని ఇచ్చేవారు ఎక్కడ నిలబడాలో తెలియక తప్పుకుంటారు. పదిమందిని కలుపుకోవడానికి పెట్టిన ఆట ఉన్నవారినే దూరం చేస్తుంది.

దానికి బదులు గోడమీద పనిని పెడదాం. ఇన్ని దరఖాస్తులు సరిచూడాలి, ఇన్ని సరిచూశాం, ఇన్ని మిగిలాయి. ఒక గంటలో పూర్తయ్యేంత ముక్కలుగా విడగొడదాం. పూర్తయిన ముక్క వల్ల ఎవరికి ఏం అందిందో ఆ వారమే చెబుదాం. అయితే సాయం పొందినవారి పేర్లు మాత్రం ఏ బోర్డుమీదా వద్దు.

దాతలుగా మీరు ఈ ఒక్క ప్రశ్న మమ్మల్ని ఎప్పుడూ అడుగుతూ ఉండండి: ‘ఆ బోర్డు మీద కనిపిస్తున్నది పనా, మనిషా?’ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది.