మన తెలుగు తరగతి – నూతన సాధనములు

(బరంపురమున మన సంఘ వార్షిక సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



విద్యా విషయమున నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గము వారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము పదవ తరగతితో చదువు చాలించి, తండ్రిగారి వెనుక బట్టల కొట్టులో కూర్చున్న వారము. గజము బట్ట వెల చెప్పగలము గాని బోధనాశాస్త్రము చెప్పజాలము. ఐనను మన ఆదివారపు తెలుగు తరగతి మా కొట్టు మేడమీదనే నడచుచున్నది. అచ్చట కన్నులార చూచిన లాభనష్టములను మీకు లెక్క అప్పగించుట మా విధి యని తలచి అంగీకరించితిమి.

నేడు మీరు ఒక నిర్ణయము చేయవలసి యున్నది. సంఘ నిధిలో నున్న సొమ్ముతో స్మార్ట్ బోర్డు కొనవలెనా, లేక రాబోవు సంవత్సరమునకు ఉపాధ్యాయినిగారి గౌరవ వేతనమును నిలుపుకొనవలెనా? రెంటికిని చాలునంత ధనము మనకు లేదు. ఓటు వేయుటకు ముందు మా అనుభవమును వినవలెనని మనవి.

1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినది. రాష్ట్రము మారినను మన పెద్దలు ఇంటి భాషను మార్చుకొనలేదు. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతి రాష్ట్రమును ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. మంచిదే. కాని అధికరణము తానుగా వచ్చి పిల్లవాని చేత పలక పట్టింపదు. ఆ పని మనదే.

మన పిల్లలు బడిలో ఒడియా, ఆంగ్లము చదువుచున్నారు. ఒడియాను మేము పరాయి భాషగా ఎన్నడును తలపలేదు. అది మనకు అన్నము పెట్టిన నేల మాట. మా చింత వేరు. కొన్ని సంవత్సరముల క్రిందట మా తాతగారి చిట్టా పుస్తకమును మా అబ్బాయి చేతికిచ్చితిమి. వాడు అంకెలు గడగడ చదివెను; వాని ప్రక్కనున్న పేర్ల యొద్ద ఆగిపోయెను. ఇంట తెలుగు మాటలాడు బిడ్డయే. కాని ముత్తాత ఎవరికి అరువిచ్చెనో, ఎవరు తీర్చిరో వానికి తెలియదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తరగతి పెట్టవలెనను సంకల్పము నాటిదే.

2020 మార్చిలో బడులు మూతపడి పాఠములు ఫోనులలోనికి వచ్చిన సంగతి మీరెల్లరు ఎరుగుదురు. పిల్లలు తెరకు అలవాటుపడిరి గదా, తెలుగును కూడ తెరమీదనే నేర్పుదమని, బడులు తెరచిన పిమ్మట మేము వాడిన ప్రొజెక్టరు ఒకటి కొంటిమి. గంటసేపు పాటలు, కథలు, బొమ్మలు ప్రదర్శించితిమి. గది నిండినది, తలిదండ్రులు మెచ్చుకొనిరి, మేమును గర్వించితిమి. మూడు మాసములు గడచిన పిమ్మట ఉపాధ్యాయినిగారు ప్రొజెక్టరు ఆపి, పలకలు పంచి, 'అమ్మ' అని వ్రాయుడనిరి. పాటలన్నియు కంఠస్థముగా పాడిన పిల్లలలో సగము మంది ఆ రెండక్షరములు వ్రాయలేకపోయిరి.

తప్పు యంత్రముది కాదు, మాది. త్రాసు ఎంత మంచిదైనను, తూచువాడు లేనిదే బేరము సాగదు గదా! మేము త్రాసును కొట్టులో నిలిపి, తూచువానిని ఇంటికి పంపితిమి.

ఇది క్రొత్త పాఠము కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు మన దేశమున ఉపగ్రహము ద్వారా, ఆంధ్రప్రదేశ్, ఒడిషాలతో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యా ప్రసారములు అందింపబడెను. అందు తెలుగు, ఒడియా ప్రసారములు కూడ ఉండెను. దూరమును జయించుట మహాకార్యమే. కాని ఆ ప్రసారము ఏకముఖము. పిల్లవాడు సందేహము అడిగినచో పెట్టె బదులు చెప్పజాలదు. నేటి తెర కొన్నిటికి బదులు చెప్పును గాని, ఆ పిల్లవాడు ఏల తడబడెనో ఎదుట కూర్చున్న గురువు వలె గ్రహింపదు.

అటుపిమ్మట మేము పద్ధతి మార్చితిమి. గంటలో తెరకు పది నిమిషములు. తక్కినది పలకకు, పుస్తకమునకు, నోటికి. ఇట్లు వాడిన పిదప ఆ సాధనములే ఎంతయో మేలు చేసినవి. వానిలో ముఖ్యమైనవి వివరింతుము.

మొదటిది పుస్తకము. పూర్వము ఇచ్ఛాపురము దాటి వెళ్లినవారు వాచకము ఒకటి తెచ్చిన, దానినే పదిమంది పంచుకొనెడివారు. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పాఠ్యపుస్తకములు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. 2017లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన 'దీక్ష' వేదికలో పాఠములకు తోడుగా దృశ్యములు, అభ్యాసములు ఉన్నవి. పుస్తకమునందలి గడుల ముద్రను ఫోనుతో చూపిన అవి తెరచుకొనును. ఉపాధ్యాయినిగారు శనివారము రాత్రియే కావలసినవి దింపుకొని, తామొకసారి చూచి, పిల్లకొక పుట చొప్పున అచ్చు తీయింతురు. కరెంటు పోయినను పాఠము ఆగదు.

రెండవది ధ్వని. ఒడియా లిపిలో ఎ–ఏ, ఒ–ఓ భేదము లేదు. అందుచే మన పిల్లలు 'మెడ' అని వ్రాయవలసిన చోట 'మేడ' అని, 'కొన' అనవలసిన చోట 'కోన' అని వ్రాయుదురు. ఎర్ర సిరాతో దిద్దినంత మాత్రమున ఇది పోలేదు. ఉపాధ్యాయినిగారు ఇట్టి జంట మాటలను ఫోనులో పలికి నిలువచేసి, వరుస మార్చి వినిపింతురు. హ్రస్వము వినబడిన ఒక చేయి, దీర్ఘము వినబడిన రెండు చేతులు ఎత్తవలెను. పిమ్మట వ్రాయవలెను. చెవి తెలిసికొన్నదానిని చేయి త్వరగా నేర్చినది.

మూడవది మీటల పలక. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఒడియా 'క'కు, తెలుగు 'క'కు మీట ఒక్కటే. ఒడియా టైపు నేర్చిన బిడ్డకు తెలుగు టైపు సగము వచ్చినట్లే. కాని ఇచ్చట ఒక హెచ్చరిక. తెలుగు పాఠమును క్షణములో ఒడియా లిపికి మార్చు సాధనములు కూడ ఉన్నవి. పెద్దలకవి ఉపకరించును, అక్షరములు నేర్చుచున్న బిడ్డకు ఇచ్చినచో ఊతకర్రకు అలవాటుపడి కాళ్లు మరచును.

నాల్గవది నిఘంటువు. 'ఆంధ్రభారతి' యను తావున అనేక ప్రాచీన నిఘంటువులను ఒక్కసారిగా వెదకవచ్చును. ఒకనాడు పాఠములో 'సొరకాయ' వచ్చినది. ఒక చిన్నది "మా ఇంట ఆనపకాయ అందుము, అది తప్పా?" అని బిక్కమొగముతో అడిగినది. నిఘంటువున వెదకింపగా రెండు మాటలును కనబడినవి. ఆ బిడ్డ ముఖమున వెలిగిన సంతోషమును మీరు చూడవలసినది! నాయనమ్మ మాట తప్పు కాదని తెలిసిన బిడ్డ ఆ భాషను విడువదు.

దోషములు లేకపోలేదు. అంతర్జాలమున తప్పుల తడకలైన వ్రాతలు కలవు. యంత్రము చేసిన అనువాదములు కొన్ని నవ్వు పుట్టించును. పిల్లల పాటల నడుమ ప్రకటనలు చొరబడును. సరకు చూడక మూట కొనరాదని మా తండ్రిగారు చెప్పెడివారు. ఉపాధ్యాయిని ముందుగా చూడనిది ఏదియు తరగతిలో వేయరాదు.

ఇక నిర్ణయమునకు వత్తము. గురువు ఉన్నచో పాత ప్రొజెక్టరు చాలును. గురువు లేనిచో క్రొత్త బోర్డు గోడకు అలంకారమగును. కావున సొమ్మును ఉపాధ్యాయినిగారి వేతనమునకే నిలుపుడని మా విన్నపము. వినికిడి బాగుగా ఉండుటకు స్పీకరు ఒకటి మా కొట్టు ఖర్చున ఇచ్చెదము. మీరు ప్రతి ఇంటినుండి ఒకటి ఇయ్యవలెను: అమ్మమ్మయో తాతయో చెప్పిన కథను, పండుగ పాటను, వంట తీరును మన యాసలోనే ఫోనున నిలువచేసి తెచ్చి, తరగతికి అప్పగింపుడు. శ్రీకాకుళపు వాచకములో లేని మన బరంపురపు మాటలు ఏ ప్రభుత్వ వేదికయందును దొరకవు. అవి మన ఇండ్లలోనే ఉన్నవి. ఆ పెద్దలు ఉన్నంతవరకే ఉండును.

చివరిగా ఒక్క మాట. గత దీపావళినాడు మా అబ్బాయి తాతగారి చిట్టాను తానే తెరచి మొదటి పుట చదివెను. రెండు చోట్ల తడబడెను. ఒక పేరును తప్పు చదివెను. ఐనను చదివెను. మేము తప్పు దిద్దక వినుచు కూర్చుంటిమి. అట్టి పుట ప్రతి ఇంటను ఒకటి కలదు. దానిని చదువగల బిడ్డ ప్రతి ఇంటను ఉండవలెనని కోరుచున్నాము.