పిల్లల చదువును కొలిచేవారికి ఏ అర్హత ఉండాలి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద గుస్సాడీ గురించి, భూమి గురించి, భాష గురించి చాలామంది మాట్లాడారు. మాకు అప్పగించిన విషయం కాస్త పొడిగా ఉంటుంది, ఓపిక పట్టండి. బడికి పోకుండా ఇంటి దగ్గర, చేను దగ్గర పెరిగిన పిల్లకు ఏమి వచ్చో, ఏమి రాదో తేల్చేది ఎవరు? అలా తేల్చే మనిషికి ఏ అర్హత ఉండాలి? పిల్లలకు చదువు చెప్పేవారి అర్హత గురించి మనం చాలా మాట్లాడుకున్నాం, ధర్నాలు కూడా చేశాం. కొలిచేవారి అర్హత గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. ఆరేళ్లు దాటినా బడిలో చేరని పిల్లను, మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని దాని 4వ సెక్షన్ చెబుతుంది. తోటివారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఆ పిల్లకు ఉంది. శిక్షణ కనీసం మూడు నెలలు ఉండాలని, అవసరమైతే రెండేళ్ల వరకు పొడిగించవచ్చని కేంద్రం 2010లో చేసిన నిబంధనలు చెబుతున్నాయి. ఎంత పొడిగించాలన్నది పిల్ల ఎంత నేర్చుకుందో ఎప్పటికప్పుడు అంచనా వేసి నిర్ణయించాలి. మూడు నెలలెక్కడ, రెండేళ్లెక్కడ! పదేళ్ల పిల్ల జీవితంలో అది చిన్న తేడా కాదు. శిక్షణ ఎవరు ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వాలో ఆ నిబంధన చెబుతుంది. అంచనా వేసేవారికి పిల్ల భాష తెలిసి ఉండాలా వద్దా అన్నది మాత్రం అందులో లేదు.

ఇంటి దగ్గరే చదువుకునే పిల్లల విషయంలో వేరే దేశాలవాళ్లు ఏమి చేస్తున్నారో చూశాం. మన దేశంలో ఇంటి చదువుకు విడిగా చట్టం లేదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పద్ధతి ఉంది. వాటిలో పెన్సిల్వేనియా రాష్ట్రం 1988లో చేసిన చట్టం మాకు బాగా పనికొచ్చేలా కనిపించింది.

అక్కడ తల్లో తండ్రో ఇంట్లో చదువు చెప్పాలంటే హైస్కూలు పూర్తి చేసి ఉంటే చాలు. ఏడాది చివర పిల్ల చదువును పరిశీలించేవారికి మాత్రం అంతకు మించి కావాలి. ఆ రాష్ట్ర సర్టిఫికెట్ ఉన్న టీచరైనా కావచ్చు, లైసెన్సు ఉన్న మనస్తత్వ నిపుణుడైనా కావచ్చు. ప్రైవేటు బడిలో పనిచేసే టీచరో, ఆ బడి నడిపేవారో అయితే గత పదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ రాష్ట్రంలోనే పాఠం చెప్పి ఉండాలి. చిన్న తరగతుల పిల్లలను చూసే టీచరుకు చిన్న తరగతుల అనుభవం, పెద్ద తరగతులవారిని చూసే టీచరుకు పెద్ద తరగతుల అనుభవం ఉండాలి. పదో తరగతి లెక్కలు చెప్పే మాస్టారు ఎంత గొప్పవాడైనా, ఒకటో తరగతి పిల్ల అక్షరాలు ఎలా నేర్చుకుంటుందో అతనికి తెలియాలని లేదు కదా.

ఇంకో మూడు సంగతులు ఉన్నాయి. పరీక్ష కాగితం ఒక్కటే చూసి తేల్చేస్తే కుదరదు. ఏడాది పొడవునా పిల్ల రాసినవి, గీసినవి, చదివిన పుస్తకాల పేర్లు ఒక ఫైలులో పెడతారు. పరిశీలకుడు ఆ ఫైలు చూడాలి, పిల్లతో కూర్చుని మాట్లాడాలి. రెండోది, చదువు చెప్పిన తల్లి గానీ తండ్రి గానీ పరిశీలకులు కాకూడదు. వాళ్ల భార్యకో భర్తకో కూడా ఆ వీలు లేదు. మూడోది మాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ అర్హతలు లేని మనిషి చేత చేయించుకోవాలని కుటుంబం కోరితే, జిల్లా విద్యాధికారి ముందుగా ఒప్పుకుంటే అలా చేయించుకోవచ్చు. అంటే అర్హతకు గట్టి కంచె వేశారు, కంచెకు ఒక తడిక తలుపు కూడా పెట్టారు. 2014 వరకు ఆ ఫైలును కూడా విద్యాధికారికి పంపాల్సి వచ్చేది. చట్టం మారాక పరిశీలకుడు రాసి ఇచ్చే ధ్రువపత్రం చాలు. దాంతో ఆ ఒక్క మనిషి మాటకు విలువ ఇంకా పెరిగింది.

ఫ్లోరిడాలో పద్ధతి కొంచెం వదులు. కుటుంబం, విద్యాధికారి కలిసి ఒప్పుకున్న మరే కొలత పద్ధతైనా అక్కడ చెల్లుతుంది.

ఇక మన గూడేలకు వద్దాం. మైదానం నుంచి వచ్చిన ఒక మంచి మాస్టారు, డిగ్రీ, బీఎడ్, టెట్ అన్నీ ఉన్నవారు, మన పిల్లను కూర్చోబెట్టి ‘ఏరు’ అంటే ఏమిటని అడిగారనుకోండి. పిల్ల ‘తాగేది’ అంటుంది. మాస్టారు తప్పు పెడతారు. గోండిలో ఏర్ అంటే నీళ్లని ఇక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. ‘నారు’ ఎక్కడ ఉంటుందని అడిగితే పిల్ల తన ఊరి వైపు చెయ్యి చూపిస్తుంది. మనకు నార్ అంటే ఊరు. మళ్లీ తప్పే. ఇది తెలివి తక్కువతనం ఎలా అవుతుంది? రెండు భాషలు పక్కపక్కన ఉండి ఒకే చప్పుడుకు రెండు అర్థాలు చెబుతున్నాయి. మార్కుల కాగితం మీద మాత్రం అది సున్నాగానే కనిపిస్తుంది. మాస్టారిలో చెడు ఉద్దేశం లేదు, కానీ చేతిలో ఉన్న తూకం రాయి వేరే సంతది. కొలాం పిల్లల కష్టం ఇంకా ఎక్కువ. వాళ్ల భాష వేరు, చుట్టూ వినిపించే గోండి వేరు, పుస్తకంలోని తెలుగు వేరు.

ఈ అర్హత ప్రశ్న మన గడ్డకు కొత్త కాదు. 1940లో కుమ్రం భీం అమరుడయ్యాక హైమండార్ఫ్ ఇక్కడికి వచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. పెద్ద చదువులు లేని గోండు యువకులనే తీసుకుని టీచర్లుగా తయారు చేశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తెచ్చారు. మొదటి అర్హత పిల్లల మాట తెలియడం, మిగతాది నేర్పుకోవచ్చు అన్నది అక్కడి లెక్క. అటు శ్రీకాకుళం వైపు గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకు బడి పెట్టాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నారు. పండితుడు కాబట్టి అలా చేశారని కొందరు అంటారు. బుద్ధి ఉన్న టీచరు కాబట్టి చేశారని మేము అంటాం.

ఇప్పటి లెక్క తిరగబడింది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టు 23న టీచర్ల కనీస అర్హతలు ప్రకటించింది. అందులో టెట్ తప్పనిసరి. ఆ టెట్‌లో మొదటి భాషగా తెలుగు, ఉర్దూ, మరాఠీ లాంటివి ఎంచుకోవచ్చు. గోండి లేదు, కొలామి లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ తీర్పు మీద మన బాధ మనకు ఉంది, ఆ పోరాటం వేరే సాగాలి. అయితే కోర్టు తప్పుపట్టింది పోస్టుల్లో నూరు శాతం రిజర్వేషన్‌ను. పిల్ల చదువును అంచనా వేసేటప్పుడు పిల్ల భాష తెలిసిన మనిషి పక్కన కూర్చోవాలని అడగడానికి ఆ తీర్పు అడ్డు రాదని మేము అనుకుంటున్నాం. వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలని, పిల్లకు ఎంత అర్థమైందో సమగ్రంగా, నిరంతరంగా మదింపు చేయాలని అదే విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది.

ఇక్కడ మనవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. భాష ఒక్కటే చాలు, మనవాడైతే చాలు అంటే మేము ఒప్పుకోం. మనవాడే జాలిపడి అందరికీ ‘వచ్చు’ అని రాసిస్తే ఆ పిల్ల ఎనిమిదో తరగతికి వెళ్లి వాక్యం చదవలేక వెనక్కి వస్తుంది. చదువు చెప్పిన మనిషే కొలవకూడదన్న పెన్సిల్వేనియా నియమం మనకూ కావాలి. పిల్లకు పాఠం చెప్పిన వలంటీరు, పిల్ల మేనమామ, చిన్నాన్న ఆ పనికి రాకూడదు. పక్క ఊరి మనిషి రావాలి.

సంఘం ఒక వినతిపత్రం తయారు చేసింది, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఇస్తాం. అందులో అడిగినవి ఇవి. ప్రత్యేక శిక్షణలో ఉన్న పిల్లను ఇద్దరు కలిసి అంచనా వేయాలి. ఒకరు చిన్న తరగతులు చెప్పిన అనుభవం ఉన్న టీచరు, ఇంకొకరు పిల్ల భాష మాట్లాడుతూ తెలుగు చదవడం, రాయడం వచ్చిన స్థానికులు. ఆ రెండో మనిషికి డిగ్రీ అడగొద్దు, కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, రోజు కూలి పోకుండా డబ్బు ఇవ్వండి. పిల్లకు ఒక ఫైలు ఉండాలి. అందులో రాతలతో పాటు నోటితో చెప్పిన లెక్క, కథ కూడా ఎవరో ఒకరు రాసి పెట్టాలి. ఇప్పపువ్వు తూకంలో మోసం పట్టుకోగల పిల్లకు కూడికలు రావని రాసే ముందు, ఉందీ, రండ్, మూంద్ అని ఒకసారి లెక్కపెట్టించి చూడాలి.

ఆ రెండో మనిషి ఎక్కడ దొరుకుతాడని అధికారులు తప్పకుండా అడుగుతారు. అందుకే సభ అయ్యాక వెళ్లిపోకండి. భోజనాల దగ్గర ఒక రిజిస్టరు పెట్టాం. మీ ఊళ్లో గోండి గానీ కొలామి గానీ మాట్లాడుతూ తెలుగు చదివి రాయగలవాళ్ల పేర్లు రాయించండి. ఆడవాళ్ల పేర్లు మరిచిపోవద్దు, చిన్న పిల్లలు వాళ్ల దగ్గరే నోరు విప్పుతారు. సార్‌మేడీలు వచ్చే రాయ్ సెంటర్ సమావేశంలో ఆ జాబితా చదివించి, అభ్యంతరాలు ఉంటే అక్కడే విని, ఆ తర్వాత మాకు పంపాలని కోరుతున్నాం.