విరిగిన కనెక్టరు – నిలిచిన లెక్కలు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పూర్వము పంచాయతీ లెక్కలు చెక్క బీరువాలో ఉండెడివి. చెద పట్టకుండ, వాన తడవకుండ చూచుకొన్న చాలును. నేడు వానిలో అధిక భాగము ల్యాప్‌టాపులోనికి చేరినది. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ పోర్టలులో నమోదు చేసిన పద్దులు దూరముననున్న సర్వరులో ఉండును. కాని తీర్మానముల ముసాయిదాలు, పన్ను జాబితాల ప్రతులు, జరిగిన పనుల ఛాయాచిత్రములు, ప్రజల అర్జీల వివరములు పెక్కుచోట్ల ల్యాప్‌టాపులోని హార్డు డిస్కులోనే నిలిచియుండును. ఆ డిస్కును యంత్రముతో కలుపు కనెక్టరు విరిగినచో ఇవన్నియు ఒక్కసారిగా మన చేతికి అందకపోవును. పింఛను కొరకు అర్జీ పెట్టుకొన్న వృద్ధురాలికి, “మా డిస్కు పనిచేయుట లేదు” అను సమాధానము న్యాయము కాదు గదా! కావున ఈ చిన్న వస్తువును గూర్చి మనము తెలిసికొందము.

రెండున్నర అంగుళముల డిస్కులకు సాధారణముగా నుండునది సాటా కనెక్టరు. ఈ ప్రమాణము 2003లో వెలువడినది. దీనిలో రెండు భాగములు ప్రక్కప్రక్కన ఉండును. 7 పిన్నులు గల పొట్టి భాగము సమాచారమును, 15 పిన్నులు గల పొడవు భాగము విద్యుత్తును చేరవేయును. తిరగవేసి దూర్చుటకు వీలులేకుండ వీని ప్లాస్టిక్ నాలుకల చివరలు ఎల్ అక్షరము వలె వంగియుండును. ఆ నాలుక పలుచనిది. డిస్కును వంకరగా లాగినచో విరుగును.

కనెక్టరు చెడినపుడు ల్యాప్‌టాపు డిస్కును గుర్తింపదు. లేదా కొంతసేపు పనిచేసి ఆగిపోవును. డిస్కు పరీక్షలో 199వ సంఖ్య గల లోపముల లెక్క పెరుగుచున్నచో తీగనో, కనెక్టరునో అనుమానింపవలెను. డిస్కునుండి టక్కు టక్కుమను శబ్దము వచ్చుచున్నచో దోషము డిస్కు లోపలనే ఉండవచ్చును. అట్టిదానిని మాటిమాటికి నడుపరాదు.

విప్పుటకు ముందు ల్యాప్‌టాపును పూర్తిగా ఆపి, ఛార్జరును తీసివేయవలెను. బ్యాటరీ లోపలనున్నచో మూత తీసిన వెంటనే దాని ప్లగ్గును వేరుచేయవలెను. ఒంటిలోని స్థిర విద్యుత్తు పోవుటకై నేలకు ఆనియున్న లోహమును తాకవలెను. ఏ స్క్రూ ఎచ్చటిదో కాగితముపై గుర్తించుకొనవలెను. డిస్కును పైకెత్తక, మెలిపెట్టక, తిన్నగా వెనుకకు జరిపి తీయవలెను.

విరుగుటకు మూడు చోట్లు కలవు. మొదటిది డిస్కునకును మదర్‌బోర్డునకును నడుమనుండు చిన్న అడాప్టరు లేదా బల్లపరుపు తీగ. ఇది చెడినచో మరమ్మతు సులభము. తీగపై ముద్రించిన సంఖ్యను, ల్యాప్‌టాపు మోడలును సరిచూచి క్రొత్తది తెప్పించి మార్చిన చాలును. తీగను బిగించు గొళ్లెమున్నచో దానిని వదులు చేసిన తరువాతనే లాగవలెను.

రెండవది మదర్‌బోర్డుపై టంకము వేసిన సాకెట్టు. దీనిని మార్చుట నేర్పరియైన పనివాని పని. అంతవరకు డిస్కును బయటకు తీసి, యూఎస్‌బీ అడాప్టరుతో మరియొక కంప్యూటరుకు కలిపి దస్త్రములను చూచుకొనవచ్చును.

మూడవది డిస్కు చివరనున్న నాలుక. అది విరిగినను లోహపు పిన్నులు తిన్నగా నుండవచ్చును. విరిగిన ముక్క సాకెట్టులోనే చిక్కుకొన్నచో తొందరపడి పారవేయరాదు. పిన్నులను దానికి సరిగా ఆనించి నేర్పరిచే ఒక్కసారి కలిపించి, వెంటనే సమాచారమంతయు నకలు తీయించి, ఆ డిస్కును విరమింపజేయవలెను. పిన్నులు వంగి ఒకదానినొకటి తాకుచున్నచో విద్యుత్తు ఇయ్యరాదు; బోర్డు కాలిపోవును. అదే మోడలు డిస్కు యొక్క బోర్డును తెచ్చి బిగించినచో సరిపోవునని కొందరందురు. పెక్కు డిస్కులలో అట్లు కుదరదు. ఆ డిస్కునకే ప్రత్యేకమైన వివరములు బోర్డుపైనున్న ఒక చిప్పులో ఉండును. దానిని కూడ క్రొత్త బోర్డునకు మార్చవలెను.

ఇక పంచాయతీ కర్తవ్యము. డిస్కును దుకాణమునకు పంపునపుడు దాని సీరియల్ సంఖ్యను రిజిస్టరులో వ్రాయవలెను. అందు ప్రజల సొంత వివరములుండును గనుక కార్యదర్శియో, ఒక సభ్యుడో దగ్గర నుండుట మేలు. వారంటీ ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను. వ్యయమునకు రసీదు తీసికొనవలెను. పాత డిస్కును సమాచారము చెరపకుండ చెత్తలో వేయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది నకలు. వారమునకొకసారి దస్త్రములను వేరొక డిస్కులోనికి ఎక్కించి, దానిని మరియొక భవనములో భద్రపరుపవలెను. అట్లు చేసిన గ్రామమున కనెక్టరు విరిగినను ఒక తీగ ఖర్చుతోనో, ఒక డిస్కు ఖర్చుతోనో నష్టము తీరును. చేయని గ్రామమున సంవత్సరముల శ్రమ పోవచ్చును. రానున్న సమావేశముననే ఈ నకలు బాధ్యతను ఒకరికి అప్పగించుచు తీర్మానము చేయుదురని ఆశించుచున్నాము.