పరదేశ వైద్యము - మన గడప

పరదేశముల వైద్యవిధానములను పరిశీలింపబోవునపుడు మనము భవనములకంటె ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: వ్యాధి రాకముందే వ్యయమునకు పూచీ ఎవరిది? జర్మనీ 1883లో కార్మికునిచేత, యజమానిచేత చందా కట్టించినది. బ్రిటన్ 1948 జూలై 5 నుండి ఆ భారమును ప్రధానముగా పన్నులపై ఉంచినది. అదే సంవత్సరమున మన కార్మిక రాజ్యబీమా చట్టము చందాల బాటనే పట్టినది. అది కర్మాగారపు కార్మికునికి నీడ. వరంగల్లు కొత్తవాడలో సొంత ఇంట జంపఖానాలు నేయువానికి కాదు. 2007లో ఆరోగ్యశ్రీ రెండవ బాట తొక్కి, పేదల పెద్ద చికిత్సల వ్యయమును ప్రభుత్వముపై ఉంచినది. మనము చూచివచ్చిన ప్రతి విధానమును ఆ నేతగాని గడపలో నిలిపి పరీక్షింపవలెను. జబ్బు చేసినపుడు అతడు మగ్గము అమ్ముకొనకుండ నిలువగలిగిననాడే మన చదువు ఫలించినట్లు.