నిమ్మమొక్కను ఎంచుట, నాటుట



పత్తియు మిరపయు పండించు రైతునకు ఒక సదుపాయము కలదు. ఈ యేడు విత్తనము చెడ్డదైనను, తెగులు సోకినను, మరుసటి తొలకరికి ఆ తప్పును దిద్దుకొనవచ్చును. పండ్లతోటలో ఆ వీలు లేదు. నిమ్మమొక్కను నాటిననాడు చేసిన పొరపాటు నాలుగైదేండ్లకు, పంట చేతికందవలసిన వేళకుగాని బయటపడదు. అంతవరకు వేసిన ఎరువు, కట్టిన నీరు, పడిన శ్రమ అన్నియు ఆ పొరపాటును పెంచి పోషించినట్లే యగును. మా నల్లపాడు ప్రాంతమున మిరప ధర పడిపోయినప్పుడెల్ల ఎవరో యొకరు నిమ్మతోట వేయుదమని తలపెట్టుచుందురు. అట్టివారికి ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మొదట నేల సంగతి. మన నల్లరేగడి పత్తికి తల్లి వంటిది. నిమ్మకు మాత్రము అంత అనుకూలము కాదు. వానకాలమున అందు నీరు నిలుచును. వేసవిలో అది నెఱ్ఱెలు విచ్చి వేళ్లను త్రెంపును. కావున మొక్కలు కొనుటకు ముందే చేనిలో రెండు మూడు చోట్ల మూడడుగుల లోతు గోతులు త్రవ్వి నీటితో నింపి చూడవలెను. ఆ నీరు ఇంకిన పిమ్మట మరల నింపవలెను. రెండవసారి పోసిన నీరు మరునాటికిని నిలిచియున్నచో ఆ చోట నిమ్మ నాటరాదు. గోతిలో తెల్లని సున్నపు కంకర కనబడినను ఆగి యోచింపవలెను. అట్టి నేలలో ఇనుము, జింకు వేళ్లకందక ఆకులు పసుపువాఱును. మట్టిని భూసార పరీక్షకు పంపినచో ఈ సంగతి తేటపడును. అట్టి నేలకు రేగు, ఉసిరి వంటి మొండిచెట్లు మేలు.

ఇక మొక్క సంగతి. నిమ్మను సాధారణముగా గింజనుండియే పెంచుదురు. ఒక్క గింజనుండి రెండు మూడు మొలకలు వచ్చుట కద్దు. వానిలో పెక్కు తల్లిచెట్టు కణములనుండియే పుట్టును గనుక తల్లినే పోలియుండును. పుప్పొడి కలయికవలన పుట్టినవి వేఱు గుణములు కలిగియుండును. అందుచే నారుమడిలో ఒకే తీరున పెరిగినవానిని ఏరుకొని, గిడసబాఱినవానిని, తక్కినవానికి భిన్నముగా నున్నవానిని విడిచిపెట్టవలెను. ఆకులపైనను రెమ్మలపైనను పసుపు వలయము గల గరుకు మచ్చలున్నచో అది గజ్జి తెగులు. ఆ మడిలో మొక్క ఒక్కటియు కొనరాదు. తిరుపతి పరిశోధకులు ఎంపిక చేసిన బాలాజీ రకము ఈ తెగులును కొంతవరకు తట్టుకొనును. ఏడాది వయసు, రెండడుగుల ఎత్తు గల తిన్నని మొక్క చాలును. ఎత్తు చూచి మోసపోరాదు, వేళ్లు చూడవలెను. తల్లివేరు మెలిదిరిగినదియు, పీచువేళ్లు లేనిదియు పనికిరాదు.

చలిదేశములలో ఆపిల్, పియర్ మొక్కలను శీతకాలమున, ఆకులు రాలి నిద్రించుచున్నప్పుడు, వేళ్లకు మట్టి లేకుండ పెరికి దూరమునకు పంపుదురు. మన నిమ్మకు అట్టి నిద్ర లేదు. పెరికిన తరువాతను ఆకులు నీటిని ఆవిరిగా విడుచుచునే యుండును. తెగిన వేళ్లు ఆ లోటును పూరింపజాలవు. నేను మొదట తోట వేసినప్పుడు ఈ సంగతి ఎఱుగను. మట్టి లేని మొక్కలు లారీలో సగము దినము ఎండకు పడియుండెను. నాటినవానిలో సగము చచ్చెను. బ్రతికినవి మూడేండ్లు ఎదుగుబొదుగు లేక నిలిచిపోయెను. నేల తప్పు కాదు, నీటి తప్పు కాదు. ఆ సగము దినము చేసిన చేటు అది. కావున మబ్బు పట్టిన దినమున, ప్రొద్దు వాలిన పిదప మొక్కలు పెరికింపవలెను. వెంటనే ఆకులలో మూడింట రెండు వంతులు త్రుంపి, వేళ్లను పేడ కలిపిన బురదలో ముంచి, తడిగోనెలో చుట్టవలెను. మరునాటి సాయంకాలము దాటకుండ నాటవలెను.

ఇరువదేసి అడుగుల ఎడమున నాటినచో ఎకరమునకు 108 చెట్లు పట్టును. గోతులను వేసవిలోనే త్రవ్వి ఎండనిచ్చి, పైమట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, తొలకరి వానలకు మట్టి అణగిన పిమ్మట నాటవలెను. మొక్క నారుమడిలో ఎంతవరకు మట్టిలో నుండెనో ఆ గుర్తు మొదటిపై కనబడును. అంతకన్న లోతుగా నాటరాదు. చుట్టును మట్టిని గట్టిగా అదిమి, వెంటనే నీరు పోసి, ఊతకఱ్ఱ పాతి, తాటాకు నీడ కట్టవలెను. మొదలు ఎల్లప్పుడు తడిసియున్నచో బంకకారు తెగులు పట్టును. కావున మొదటిచుట్టు చిన్నకట్ట వేసి, దాని వెలుపలనే నీరు పెట్టవలెను.

కడపట ఒక మాట. చెట్లు చిన్నవిగా నున్నన్నాళ్లు వరుసల నడుమ పెసర, మినుము వేసికొనవచ్చును. అలవాటు చొప్పున మిరప మాత్రము వేయరాదు; దానివలన నిమ్మవేళ్లకు హాని చేయు నులిపురుగులు పెరుగును. పాత పైరుపై మమకారము విడుచుట కష్టమే. కాని చెట్టు నాటువాడు ఈ యేటి లెక్కను విడిచి, పదియేండ్ల లెక్క వేయవలెను. గోతిలోని నీటిని ఒక దినము కనిపెట్టి చూచినవాడు, వేళ్లను ఒక్క పూట తడి ఆరనీయనివాడు, ఆ పదియేండ్ల పంటను తనకును తన బిడ్డలకును దక్కించుకొనినవాడగును.